ఊపిరి ఆపండి

ఆ ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. పెద్ద డాక్టర్ల దగ్గర్నుంచి నేల తుడిచే ఆయా దాకా అందరికీ ఆమె ఫొటోలక్క. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసే మనిషనుకునేరు, కాదు. ఆమె తీసేవన్నీ మనిషి లోపలి ఫొటోలు. విరిగిన ఎముకలోకి రాడ్డు సరిగ్గా దిగిందా, మూత్రనాళంలో రాయి ఎక్కడ ఇరుక్కుంది, ఇలాంటివన్నీ డాక్టరు చేతిలో పనిముట్టు ఉండగానే తెర మీద చూపించడం ఆమె పని. దానికో మెషీన్ ఉంది. కొడవలిలా వంగిన పెద్ద ఇనుప చెయ్యి, కింద చక్రాలు, పక్కన టీవీ. ఆ చేతిని రోగి బల్లకి పైనా కిందా వచ్చేలా తోసి, కాలితో పెడల్ నొక్కితే లోపలి సంగతి బయటపడుతుంది. ఎక్స్‌రే కిరణాలు తగలకుండా ఒంటి మీద సీసపు కోటు మోసుకుంటూ, ఆ మెషీన్ని తోసుకుంటూ ఆమె వస్తుంటే వరండాలో స్ట్రెచర్లు పక్కకి తప్పుకోవాల్సిందే. "ఏనుగుని తోలుకొస్తున్నావా అక్కా" అని వార్డుబాయ్‌లు వేళాకోళం చేసేవాళ్ళు. "ఏనుగైతే చెప్పిన మాట వినేది నాయనా" అనేది ఆమె.

మనిషి ఇంత సరదాగా కనిపిస్తుందే గాని, లోపల పిరికిది. ఆ పిరికితనంలోంచే ఆమెకొక అలవాటు పుట్టింది. పసరు గొట్టాల ఫొటో తీసేటప్పుడు రోగి పొట్ట కదలకూడదు. మత్తులో ఉన్న మనిషికి ఊపిరి ఆడించేది మెషీనే కాబట్టి, ఫొటోలక్క "ఊపిరి ఆపండి" అనగానే మత్తు డాక్టరు దాన్ని ఆపుతాడు. ఫొటో అయ్యాక "ఇవ్వండి" అనగానే మళ్ళీ ఆడిస్తాడు. ఆ కాసేపూ రోగితో పాటు ఫొటోలక్క కూడా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. అలా చెయ్యమని ఆమెకి ఏ చదువూ నేర్పలేదు. నేను ఆపలేనంతసేపు ఆ మనిషి మాత్రం ఎలా ఆపగలడు అనేది ఆమె ఆలోచన.

మత్తు డాక్టరు నవ్వేవాడు. "అక్కా, ఆయన ఒంట్లో ఆక్సిజన్ నిండా పట్టించాను. నీకంటే హాయిగా ఉన్నాడు. నువ్వు కళ్ళు తిరిగి పడిపోతే నీకు మళ్ళీ వేరే బల్ల వెతకాలి" అనేవాడు. అయినా ఆమె మానలేదు.

ఈ ఊపిరి భయం ఆమెకి చిన్నప్పుడే పట్టుకుంది. వాళ్ళమ్మ ఒక మధ్యాహ్నం పడుకుని లేవలేదు. అమ్మ నిద్రపోతోందనుకుని ఆ పిల్ల పక్కనే కూర్చుని బొమ్మకి జడలు వేస్తూ ఆడుకుంది. పెద్దవాళ్ళు వచ్చి చూసేదాకా దానికి తెలియలేదు. ఆ తర్వాత పిన్ని వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

పిన్ని సినిమా హాల్లో టిక్కెట్లు అమ్మేది. గోడలో చిన్న కంత, కంతకి ఇవతల పిన్ని, అవతల జనం. మొహం కనిపించకపోయినా నోరు మాత్రం వీధి చివరి దాకా వినిపించేది. "తోసుకోకండయ్యా, హీరో ఎక్కడికీ పారిపోడు" అని లోపల్నుంచి అరిచేది. ఉదయం ఆటకీ మధ్యాహ్నం ఆటకీ మధ్య ఆ టిక్కెట్ల గదిలోనే చాప పరుచుకుని ఓ కునుకు తీసేది. పిల్ల మాత్రం పడుకునేది కాదు. పిన్ని ముక్కు కింద వేలు పెట్టుకుని కూర్చునేది. వేలికి వెచ్చగా తగిలితే కాస్త కుదుటపడేది. రెండు నిమిషాలాగి మళ్ళీ పెట్టేది.

పిన్ని ఇది గమనించింది. వేళాకోళం లేనిదే పూట గడవని మనిషి కదా, ఓ రోజు కావాలని ఊపిరి బిగబట్టింది. వేలికి ఏమీ తగలకపోయేసరికి ఆ పిల్ల పెట్టిన కేక హాలంతా మారుమోగింది. తలుపు తోసుకుని వరసలో నిలబడ్డ జనం మధ్యకి పరిగెత్తింది. "మా పిన్ని కూడా చచ్చిపోయింది" అని వాళ్ళ కాళ్ళు పట్టుకుంది. చచ్చిపోయిన పిన్ని చీర కొంగు సర్దుకుంటూ వెనకాలే పరిగెత్తుకొచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం ఆటకి టిక్కెట్లు ఆలస్యంగా ఇచ్చినందుకు మేనేజరు చేత చివాట్లు తింది.

"ఒట్టే పిట్టా. నీ నెత్తి మీద ఒట్టు. ఇంకెప్పుడూ ఊపిరి ఆపను" అంది పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని.

"చచ్చేదాకా?"

"చచ్చేదాకా. చచ్చాక మాత్రం నా పూచీ లేదు."

ఏడుస్తూనే నవ్వింది పిల్ల. పిట్ట ప్రాణం కాబట్టి పిట్ట అనే పేరు అప్పటికే ఉంది. పెళ్ళయి, తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాక కూడా ఆ పేరు పోలేదు.

ఆ పిన్నికి ఇప్పుడు పిత్తాశయం నిండా రాళ్ళు. తిన్నప్పుడల్లా కుడి డొక్కలో పోటు వస్తుంటే "గ్యాసే, గ్యాసే" అని సోడాలు తాగుతూ చాలాకాలం నెట్టుకొచ్చింది. చివరికి కళ్ళు పచ్చబడ్డాక గాని నోరు విప్పలేదు. ఫొటోలక్క చూడగానే హడలిపోయి, చెయ్యి పట్టుకుని తమ ఆస్పత్రికే లాక్కొచ్చింది.

కళ్ళ పసుపు తగ్గాక ఆపరేషన్ చేద్దామంది సర్జన్ డాక్టరమ్మ. పొట్టకి చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ రాళ్ళున్న ఆ తిత్తిని తీసేస్తారు. మత్తు డాక్టరు మాత్రం ఫొటోలక్కని పక్కకి పిలిచాడు. "పిన్నిగారికి ఎప్పట్నుంచో ఉబ్బసం ఉంది. ఛాతీ బలంగా లేదక్కా. చిన్న రంధ్రాలతో అయిపోతే ఫర్వాలేదు. పొట్ట పెద్దగా కోయాల్సొస్తే మాత్రం తర్వాత ఊపిరి అందుకోవడం కష్టం. ఆ గండం లేకుండా చూద్దాం" అన్నాడు. కష్టం అనే మాటకి ఆస్పత్రిలో అర్థమేమిటో ఫొటోలక్కకి ఎవరూ చెప్పక్కర్లేదు.

బల్ల మీదికి తీసుకెళ్ళే ముందు పిన్ని తన పళ్ళ సెట్టు తీసి డబ్బాలో పెట్టి, ఫొటోలక్క మొగుడి చేతికిచ్చింది. "జాగ్రత్తల్లుడూ. నీకు సరిపోవు, పెట్టుకు చూడకు" అంది. ఆయన ఆ డబ్బాని జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత ఫొటోలక్కని దగ్గరికి పిలిచింది. "లోపల నువ్వుంటావా పిట్టా?"

"అవసరం పడితేనే పిలుస్తారు పిన్నీ. నన్ను పిలవకపోతేనే మంచిది."

"అంటే నువ్వు కనపడకపోతేనే నాకు క్షేమమా? బాగానే ఉంది. పోవే అయితే" అని చెయ్యి ఊపింది పిన్ని. పళ్ళు లేని ఆ నోరు చూస్తుంటే ఫొటోలక్కకి ఎవరో తెలియని ముసలావిడని చూసినట్టుంది. భయమేసింది.

ఆ డాక్టరమ్మ చెయ్యి తిరిగిన మనిషి. ప్రతి ఆపరేషన్‌కీ ఫొటో అడగదు. లోపల దారి తేటగా కనిపిస్తే తన పని తాను చేసుకుని బయటికొస్తుంది. మెషీన్ తెమ్మని ఫోన్ వచ్చిందంటే అక్కడేదో అనుమానం తగిలిందన్నమాటే. అందుకే ఆ పొద్దున ఫొటోలక్క ఎక్స్‌రే గదిలో ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని ఫోన్ వైపే చూస్తోంది. ఇన్నాళ్ళూ బయట బెంచీల మీద ఏడుస్తున్న వాళ్ళ దగ్గరికి పోయి "ఏం కాదమ్మా, మా డాక్టర్లు మంచివాళ్ళు" అని ధైర్యం చెప్పిన మనిషి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని సామెత ఊరికే పుట్టలేదు. మోగకు, మోగకు అని ఫోన్‌కి మనసులోనే దండం పెట్టింది.

ఫోన్ మోగింది.

"అక్కా, రెండో థియేటర్‌కి మెషీన్ తీసుకురా" అంది సిస్టరు. గొంతులో తొందరుంది.

ఇంకో టెక్నీషియన్ ఎముకల థియేటర్లో ఇరుక్కుపోయి ఉన్నాడు. పంపడానికి వేరే మనిషి లేడు. ఫొటోలక్క సీసపు కోటు తగిలించుకోబోతే బొత్తాలు చేతికి చిక్కలేదు. మెషీన్ రోజూ ఒక్క తోపుకి కదిలేది, ఆ రోజు గోడని తోస్తున్నట్టే అనిపించింది. కాసేపటికి గాని బ్రేకు తియ్యలేదన్న సంగతి గుర్తు రాలేదు.

థియేటర్లో లైట్లు తగ్గించి ఉన్నాయి. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డలు, వాటి కింద పిన్ని. మొహం కనిపించలేదు. పక్కకి చాపి కట్టిన చెయ్యి ఒక్కటే కనిపించింది. టిక్కెట్లు చించీ చించీ బొటనవేలి పక్కన కాయ కాసిన చెయ్యి. ఫొటోలక్క ఆ చేతివైపు చూడకుండా మెషీన్ని బల్ల దగ్గరికి తెచ్చింది.

"బాగా వాచి అతుక్కుపోయింది" అంది డాక్టరమ్మ, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే. "సన్న గొట్టం దొరికిందనే అనుకుంటున్నా. అనుకోవడం కాదు, తేలాలి. అందుకే పిలిచాను."

ఇక్కడో చిన్న సంగతి చెప్పుకోవాలి. కాలేయం నుంచి పసరుని పేగులోకి మోసుకెళ్ళే గొట్టం పెద్దది. పైన కాలేయంలో కొమ్మలు కొమ్మలుగా మొదలై, కిందికి ఒకే కాండంగా దిగుతుంది. పిత్తాశయం పక్కన వేలాడే తిత్తి. అది సన్నటి గొట్టంతో ఆ పెద్దదానికి అంటుకుని ఉంటుంది. తిత్తిని తీసెయ్యాలంటే సన్నదాన్ని క్లిప్పు పెట్టి కోయాలి, పెద్దదాన్ని తాకకూడదు. వాపులో రెండూ ఒకేలా కనిపిస్తే చెయ్యి తిరిగినవాళ్ళ కన్ను కూడా మోసపోవచ్చు. అందుకే సన్నదని అనుకున్నదానికి తిత్తి వైపు ఒక క్లిప్పు వేసి, ఇవతల చిన్న గాటు పెట్టి, అందులోంచి రంగు మందు ఎక్కించి ఫొటో తీస్తారు. మందు కింద పేగులోకీ, పైన కొమ్మల్లోకీ పాకితే సరే. కొమ్మలు కనిపించకపోతే, క్లిప్పు పడింది పెద్ద గొట్టానికేనేమోనని భయపడాలి.

"సిద్ధమా?" అంది డాక్టరమ్మ.

ఫొటోలక్క పెడల్ మీద కాలు పెట్టింది. ఇప్పుడు ఆ మాట తనే అనాలి. ఎన్నోసార్లు అన్న మాటే, ఎంతోమందికి అన్న మాటే. ముక్కు కింద వేలు పెట్టుకుని కాపలా కాసిన మనిషి ఊపిరిని తన నోటితోనే ఆపించాలి.

"ఊపిరి ఆపండి" అంది.

మత్తు మెషీన్ చప్పుడు ఆగిపోయింది. ఫొటోలక్క కూడా ఊపిరి బిగబట్టింది. రంగు మందు నల్లటి గీతలా తెర మీదికి వచ్చింది. కిందికి జారింది. ఇంకా కిందికి, పేగులోకి. పైకి మాత్రం రాలేదు. ఎప్పుడూ అంతసేపు నిలిచే ఊపిరి ఆ రోజు నిలవలేదు. గుడ్డ కింద ఆ ఛాతీ కదలడం లేదన్న ఒక్క ఆలోచనతోనే బిగబట్టినదాన్ని వదిలేసింది.

"ఇవ్వండి!" అని అరిచింది. కాలు పెడల్ మీంచి దానంతటదే లేచిపోయింది. మెషీన్ మళ్ళీ ఊపిరాడించడం మొదలుపెట్టింది.

తెర మీద ఆఖరి బొమ్మ అలాగే ఆగి ఉంది. కాండం ఉంది. కొమ్మలు లేవు.

డాక్టరమ్మ తెర దగ్గరికి వంగి ఆ బొమ్మని చూసింది. ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది. ఫొటోలక్క ఆ నుదుటి మీద చెమట చూడటం అదే మొదలు.

"పైకి పోలేదు" అంది డాక్టరమ్మ మెల్లగా. "క్లిప్పు పెద్దదానికే పడిందేమో. సిస్టర్, పనిముట్ల పెద్ద సెట్టు తెప్పించి ఉంచండి. పొట్ట తెరిచి చూడాల్సి రావచ్చు."

సిస్టరు తలుపు వైపు కదిలింది. మత్తు డాక్టరు ఫొటోలక్క వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఫొటోలక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్ద కోత. బలం లేని ఛాతీ. ఆ కోత నొప్పికి పిన్ని దగ్గలేకపోతుంది, గట్టిగా పీల్చలేకపోతుంది. ఆ తర్వాత ఏమవుతుందో అనుకోవడానికే ఆమె మనసు ఒప్పుకోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను కాలు తొందరగా తీసేశానా?

అవునో కాదో తేలలేదు. మందు పైకి వెళ్ళడానికి కాస్త సమయం పడుతుంది. ఇంకొంచెం ఆగి ఉంటే వచ్చేదేమో. ఆగినా వచ్చేది కాదేమో. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఫొటోలక్క ఎన్నడూ తన వల్ల తప్పు జరగాలని కోరుకోలేదు. ఈసారి మాత్రం తప్పు తనదే కావాలని, డాక్టరమ్మది కాకూడదని ముక్కోటి దేవుళ్ళకీ మొక్కింది.

"మేడమ్" అంది. ఆవిడ తిరగలేదు. మళ్ళీ అంది. "మేడమ్, నేను తొందరపడ్డానేమో. నాకు ఊపిరి నిలవలేదు. మందు ఇంకా పోతుండగానే ఇవ్వండి అనేశాను."

డాక్టరమ్మ ఇటు తిరిగింది. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "నిజంగా తొందరపడ్డావా? లేక కోత పడకూడదని అంటున్నావా?"

"తెలీదు మేడమ్. రెండూ అయ్యుండొచ్చు" అంది ఫొటోలక్క.

డాక్టరమ్మ కోప్పడలేదు. "సరే. ఇంకా ఏదీ కోయలేదుగా, మళ్ళీ చూద్దాం. బల్ల తల వైపు దించండి, మందు పైకి పాకుతుంది. ఈసారి నిదానంగా ఎక్కించండి." తర్వాత ఫొటోలక్కతో అంది. "ఇదిగో, నువ్వు మాత్రం ఊపిరి పీలుస్తూ ఉండు. నీ ఊపిరి నువ్వు చూసుకో. ఆవిడ ఊపిరి ఆయన చూసుకుంటాడు. నేను చెప్పేదాకా కాలు తియ్యొద్దు."

"నేనున్నానక్కా. అంకెలు నా ముందే ఉన్నాయి" అన్నాడు మత్తు డాక్టరు. ఈసారి నవ్వలేదు.

బల్ల తలవైపు వంగింది. ఫొటోలక్క మెషీన్ని సరిచేసి పెడల్ మీద కాలు పెట్టింది.

"ఊపిరి ఆపండి."

చప్పుడు ఆగిపోయింది. ఫొటోలక్క ఊపిరి పీల్చింది. అంత కష్టమైన పని ఆమె ఇంతకుముందు ఎన్నడూ చెయ్యలేదు. అక్కడ పిన్నికి ఊపిరి లేదు, ఇక్కడ తను హాయిగా గాలి మింగుతోంది. పీల్చిన ప్రతిసారీ పిన్ని వాటా తను లాక్కుంటున్నట్టే ఉంది. అమ్మ పక్కన కూర్చుని బొమ్మకి జడలు వేసిన మధ్యాహ్నం గుర్తొచ్చింది. అప్పుడు కూడా ఇంతే, తనకి ఊపిరాడింది.

మందు కిందికి జారింది. పైన ఖాళీ.

"ఆగండి" అంది డాక్టరమ్మ.

పైన ఇంకా ఖాళీగానే ఉంది. ఫొటోలక్క కాలు పైకి లేవబోయింది. రెండో కాలితో ఆ కాలిని తొక్కిపట్టింది. ఇవ్వండి అనే మాట నాలుక చివరి దాకా వచ్చి కొట్టుకుంటోంది. పళ్ళ మధ్య పెదవి బిగించింది.

"ఆగండి. ఇంకొంచెం ఎక్కించండి."

తెర పైభాగంలో ఏదో మసక కదిలింది. నల్లటి సన్న గీత ఒకటి పైకి పాకి రెండుగా చీలింది. కుడివైపు ఒక కొమ్మ, ఎడమవైపు ఒక కొమ్మ, వాటికి చిన్న చిన్న రెమ్మలు. రాయి నీడ ఎక్కడా లేదు.

"వచ్చింది" అంది డాక్టరమ్మ. ఆ మాటతో పాటు ఆవిడ భుజాలు కిందికి దిగాయి. "చాలు. ఇవ్వండి."

మెషీన్ మళ్ళీ ఊపిరాడించింది. ఫొటోలక్క గోడకి ఆనుకుంది. డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి పక్కనున్న జూనియరు డాక్టరుకి చూపించింది. "చూశావా, సన్న గొట్టం ఎంత పొట్టిగా ఉందో. రెండో క్లిప్పు నేననుకున్న చోట వేసుంటే పెద్దదాన్ని పట్టేసేది." తర్వాత ఎవరితోనూ కానట్టు "గండం తప్పింది" అని, రెండో క్లిప్పుని ఇంకాస్త తిత్తి వైపుకి జరిపి వేసింది. పెద్ద సెట్టు విప్పకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

ఫొటోలక్క మెషీన్ని బయటికి తోసుకుపోయి, వరండాలో దాని పక్కనే కూలబడి ఏడ్చింది. సీసపు కోటు కూడా విప్పలేదు. వార్డుబాయ్ మంచినీళ్ళు తెచ్చాడు. "ఏమైందక్కా, పిన్నిగారు బాగానే ఉన్నారటగా" అన్నాడు. బాగానే ఉంది కాబట్టే ఏడుస్తున్నానని అతనికి చెప్పినా అర్థం కాదు.

మధ్యాహ్నానికి పిన్నిని మత్తు దిగే గదిలోకి మార్చారు. పొట్ట మీద చిన్న చిన్న పట్టీలు, మొహానికి ఆక్సిజన్ గొట్టం. కళ్ళు మూసుకుని ఉంది. మంచం పక్కన మానిటర్లో అంకెలన్నీ బాగానే ఉన్నాయి. ఫొటోలక్క అంకెలు చదవడం వచ్చిన మనిషే. అయినా తలుపు వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, పిన్ని నోటి దగ్గర వేలు పెట్టింది.

పళ్ళు లేని ఆ నోరు కొంచెం తెరుచుకుంది. వేలి మీద "ఉఫ్" అని వెచ్చగా ఊదింది.

"పిన్నీ!"

కళ్ళు తెరవలేదు. మాట ముద్దముద్దగా వచ్చింది. "ఒట్టేశానుగా పిట్టా. నేను ఆపలేదు, చూడు."

ఫొటోలక్క ఆ చెయ్యి పట్టుకుంది. బొటనవేలి పక్కన కాయ గట్టిగా తగిలింది. రెండుసార్లు, తన నోటితో తనే ఆపించింది.

"ఆపలేదు పిన్నీ" అంది. "నువ్వు ఒక్కసారి కూడా ఆపలేదు."